మూడో ఫిరంగి, ఎడమ చెవి

ఆదివారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు లడఖ్ కొండల్లో మా ఫీల్డ్ ఆసుపత్రి ముందు లారీ దిగాను. నేను మిలటరీ నర్సును. జూన్ నెల. అయినా గుడారాల తాళ్ల మీద మంచు గట్టిపడి ఉంది. రెండు ఉన్ని కోట్లు, ఒక ఇనుప టోపీ ఇచ్చారు. రోడ్డుకు అవతల, నాలుగు వందల గజాల దూరంలో ఆరు ఫిరంగులు. అవి పేలినప్పుడల్లా ట్రేలో కత్తెరలు కదిలేవి.

ఫిరంగి దళంలో గాయాల కంటే చెవులు ఎక్కువ పోతున్నాయి. రెండు చెవుల్లోనూ దూది పెట్టుకోవాలని డాక్టర్ ఆదేశం. అందరూ పెట్టుకున్నారు. మూడో ఫిరంగి హవల్దార్ కరీం మాత్రం ఎడమ చెవిలోనే పెట్టుకున్నాడు. ఎటు, ఎంత దూరం కొట్టాలో టెలిఫోన్‌లో వినేది అతనే. విన్న అంకెలను గట్టిగా తిరిగి చెప్పాలి. అప్పుడే గుండు వదలాలి.

అతనిది శంషాబాద్, నాది తుక్కుగూడ. ఆ సంగతి తెలిసిన రోజే అతని నోట 'మేడమ్' పోయి 'అక్క' వచ్చింది.

"రెండు చెవులల్ల పెట్టుకొమ్మన్న గద?" అన్నాను.

"రెండూ మూసుకుంటే ఆర్డర్ ఎవలు ఇనాలె అక్కా? గీ కొండ ఇంటదా?"

రెండో వారంలో అతని కుడి చెవి నుంచి రక్తం కారింది. లోపలి పొర చిరిగింది. ఆ చెవికి ఇక వినపడదు. దిగువ ఆసుపత్రికి పంపాలని డాక్టర్ అన్నారు. కానీ మర్నాడు తెల్లవారుజామున మన పదాతి దళం ఎదుటి శిఖరం ఎక్కాలి. మూడో ఫిరంగి దగ్గర టెలిఫోన్ పని తెలిసిన రెండో మనిషి అంతకుముందే చనిపోయాడు.

"ఎడమది గూడ పోతది. ఇగ ఏం ఇనరాదు నీకు," అన్నాను.

"ఎక్కెటోళ్లు మన పోరగాళ్లే అక్కా. గుండు తప్పు జాగల వడితే వాళ్ల మీదనే వడతది. జర పోనియ్యి. తెల్లారినంక నువ్వు యాడికి పంపితే ఆడికి పోత."

"తెల్లవారేవరకే," అన్నారు డాక్టర్.

నేను దూది ఇచ్చాను. అతను దాన్ని చిరిగిన కుడి చెవిలో వేలితో జాగ్రత్తగా కుక్కుకున్నాడు. వినపడే ఎడమ చెవిని టెలిఫోన్ కోసం ఖాళీగా ఉంచాడు.

"సూడు, నీ మాట ఇన్న," అని నవ్వాడు.

మందుగుండు మసితో నల్లబడిన ఆ వేలు ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఉదయం ఆరింటికి శిఖరం మనదైంది. ఏడున్నరకు కరీం తానే నడిచి వచ్చాడు. వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు.

సెప్టెంబరులో నేను ఇల్లు చేరాను. ఇప్పుడు కరీం శంషాబాద్‌లో విమానాలు దిగే దారి కింద కిరాయికి ఉంటున్నాడు. చప్పుడు భరించలేక అంతకుముందు ముగ్గురు ఖాళీ చేసిన ఇల్లు. "మస్తు ఖామోష్‌గుంటది ఈడ, జరంత సప్పుడు లేదు," అంటాడు.

మూడో ఫిరంగి దగ్గర ఏడుగురు ఉండేవారు. ఇద్దరు చనిపోయారు. ఒకరికి చేయి పోయింది. కరీంకు రెండు చెవులు పోయాయి. ఆ రోజు శిఖరం ఎక్కినవారిలో మన గుండు తగిలి పోయినవారు ఒక్కరూ లేరు.