మౌనం పట్టిన రౌటర్

నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. చిన్నప్పటినుంచి సత్సంగంలో భాగవతం వింటూ పెరిగాను. హరినామం ఉన్నచోట దయ్యాలకు పనేమిటని నవ్వేవాణ్ణి, ఇప్పటికీ వాటిని నమ్మను. అయినా ఆ ఏకాదశి నాడు జరిగింది నాకు అంతుపట్టడం లేదు.

ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్ల సత్సంగానికి ఖుర్సీపార్‌లో ఒకటి, స్మృతి నగర్‌లో ఒకటి మందిరాలున్నాయి. ఖుర్సీపార్‌లో చదివే భాగవతం స్మృతి నగర్ మీదుగా ఉతైలో మంచం పట్టిన మా పిన్ని ఇంటి స్పీకరుకు చేరేలా మూడుచోట్లా రౌటర్లు నేనే పెట్టాను. ప్రతి రౌటరూ తనకు తెలిసిన దారులను అర నిమిషానికోసారి పక్కదానికి చెబుతుంది. చెప్పడం మానేస్తే కాసేపటికి ఆ దారి చెరిగిపోతుంది.

గజేంద్రమోక్షం వినే పోతానని పిన్ని పట్టు. డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. ఆ మధ్యాహ్నం ఆ ఘట్టం పారాయణకు ముందు ఖుర్సీపార్‌లో నా కంప్యూటర్ తెర మీద చూస్తే ఉతై దారి లేదు. పిన్ని కూతురి ఫోనూ కలవలేదు.

స్మృతి నగర్ మందిరం చూసుకునే మావయ్యకు ఫోన్ చేస్తే అత్తయ్య తీసింది.

“ఏటి బాబూ, ఏకాదశి కదా, మీ మావయ్య మౌనం! ఆ డబ్బా కూడా రోజంతా మాటాడతాదని నువ్వే సెప్పావట. దానికీ మౌనమేనని పొద్దున్నే ప్లగ్గు పీకేసి మందిరానికి తాళమేసేసారు.”

“అయ్యో అత్తయ్యా, డబ్బాకేటి పుణ్యం? పిన్ని వినాల. బేగి పెట్టించు.”

“తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. వేరే గుడికెళ్లారు, రానీ.”

ఫోన్ పెట్టి చూద్దును కదా, ఉతై దారి వచ్చేసింది. చెప్పింది స్మృతి నగర్ రౌటరేనని ఉంది. మావయ్య వచ్చేశాడనుకుని పారాయణ మొదలుపెట్టించాను. చివరిదాకా దారి చెదరలేదు. పక్క రౌటరు నుంచి కబురు చేరి ఎంతసేపైందో చూపే అంకె అర నిమిషానికోసారి సున్నాకు వస్తూనే ఉంది.

ముగిశాక మావయ్యకు దణ్ణం పెట్టి వద్దామని స్మృతి నగర్ వెళ్లాను. ఆయన అప్పుడే తాళం తీస్తున్నాడు. నోరు విప్పకుండా, ఇప్పుడు పెట్టనా అన్నట్టు నేలమీద పడున్న ప్లగ్గు చూపించాడు. రౌటర్ చల్లగా ఉంది.

సాయంత్రానికి పిన్ని కూతురి ఫోన్ కలిసింది. “భయ్యా, అమ్మ పూరా వింది. ఆఖర్న గోవిందా అంది. అంతే.”

పాత దారే చెరగకుండా ఉండిపోయిందేమోనని తర్వాత ఎన్నోసార్లు పరీక్షించాను. ప్లగ్గు పీకిన కాసేపటికి ప్రతిసారీ చెరిగిపోయింది. స్మృతి నగర్‌ని తప్పించి ఉతై వెళ్లే తీగ వేరే లేదు.

సత్సంగంలో అందరూ దేవుడి లీల అన్నారు. నేనూ కాదనను. కాని ఆయనే ఆ దారి చెప్పి ఉంటే, తన మాటగా చెప్పకుండా మౌనంలో ఉన్న ఆ డబ్బా పేరెందుకు పెట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు.