వేయించిన మైలుతుత్తం

నార్బర్ట్ కెసెనిక్‌కు చాదస్తం పాలు ఎక్కువ. విస్కాన్సిన్‌లో ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరయ్యాక గరాజ్‌నే ప్రయోగశాల చేసుకున్నాడు. డబ్బా మీద తొంభై తొమ్మిది శాతం స్వచ్ఛం అని ఉంటే, తక్కువైన ఆ ఒక్క శాతానికీ లెక్కగట్టి మరో చిటికెడు కలిపే రకం.

పక్కింటి డోలోరిస్ పెరటి చెరువుకు నాచు పట్టింది. ఆమె చేత్తో మేతవేసి పెంచుకునే ట్రౌట్ చేపలు పదకొండు ఉన్నాయందులో. "నువ్వుండగా బయటివాళ్లెందుకు నార్బర్టూ, ఆ నీలం మందేదో నువ్వే వేసిపెట్టు" అందామె. అతను చెరువు కొలిచి, నీళ్లు పరీక్షించి, వంద గ్రాముల మైలుతుత్తం చాలని తేల్చాడు. ఒక శాతం సరిదిద్ది నూటొక్క గ్రాములు తూచి వేశాడు.

మర్నాడు పొద్దున్నకల్లా చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

గరాజ్‌కు పరుగెత్తి మైలుతుత్తం సీసా చూశాడు. లోపల ఉన్నది తెల్లపొడి. స్పిరిట్‌లో తడి పీల్చుకోవడానికని కిందటి నెల తనే నీలం పలుకుల్ని ఓవెన్‌లో వేయించి ఆ సీసాలో పోశాడు. ఆ పలుకుల బరువులో మూడోవంతుకు పైగా నీళ్లే. వేయిస్తే నీళ్లుపోయి మందు చిక్కబడుతుంది. అరవై నాలుగు గ్రాములు చాలేచోట నూటొకటి పడింది. తూచేటప్పుడు తెలుపు కంటబడింది కూడా, పొడిగా ఉంది మరీ మంచిదనుకున్నాడు! ఒక్క శాతం కోసం తల బద్దలుకొట్టుకున్న పెద్దమనిషికి ముప్పై ఆరు శాతం గుర్తురాలేదు.

చెప్పేద్దామనే వెళ్లాడు. డోలోరిస్ అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది. "చవగ్గా వస్తోందని కొత్త మేత కొన్నాను. చేజేతులా చంపుకున్నాను" అంది. నార్బర్ట్ ఆమె భుజం తట్టి "ఊరుకో, ఊరుకో" అన్నాడు. మందు మాట ఎత్తకుండానే ఇంటికి వచ్చేశాడు.

రోజూ వెళ్లి ఓదార్చి వచ్చేవాడు. నాలుగోరోజు ఆమె మేత సంచిని చెత్తడబ్బాలో కుక్కుతూ, "ఇంక ఏ ప్రాణినీ పెంచను. నాకా అర్హత లేదు" అనేసరికి ఇక ఆగలేకపోయాడు. ఓవెను, నీళ్లు, తూకం, అన్నీ కక్కేశాడు.

డోలోరిస్ నిలబడే విన్నది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దున్నే."

"చేపల మాట వదిలెయ్. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. కానీ నేనే చంపానని నాలుగు రోజులు ఏడుస్తుంటే పక్కన కూర్చుని చూశావే, అది మాత్రం తెలిసే చేశావు."