కండక్టరు ఇంటి డిష్

జమ్మలమడుగులో రత్నమణిని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పదహారేళ్లుగా పనిచేస్తోంది కాబట్టి ఊరందరికీ ఆమె సిస్టరమ్మే. వేటకొడవలి దెబ్బ ఎంత లోతుకు దిగిందో చూడగానే చెప్పగలదు. నాటుబాంబు పేలిన చేతిని మొహం చిట్లించకుండా కడగగలదు. ఏ పార్టీవాడొచ్చినా, ఏ వర్గంవాడొచ్చినా ముందు గాయం చూసేది, తర్వాతే మనిషిని చూసేది. అలాంటి మనిషి ఒకరోజు తన ఇంట్లోనే, టీవీ ముందు నిలబడలేకపోయింది.

ఎన్నికలకు ఇంకా నాలుగు నెలలున్నాయి. ఆ శనివారం ఆమె డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. అత్త కరుణమ్మ మంచం మీద, పదేళ్ల కూతురు లీదియా కింద చాప మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. ఏదో నేరాల కార్యక్రమం. డప్పుల మోత, ఎర్రటి అక్షరాలు, సీమను ఆడిపోసుకుంటున్న మగగొంతు. తెర మీద ఒక బస్సు ఆగింది. కొడవళ్లు పట్టుకున్న మనుషులు పరిగెత్తుకొస్తున్నారు. బస్సు మెట్ల మీద ఖాకీ చొక్కావాడొకడు నిలబడి, వాళ్లకేసి చెయ్యెత్తి ఊపాడు. గొంతు అంది, లోపలున్న నాయకుడి ఆచూకీ ఇచ్చింది కండక్టరు నతానియేలేనని. తర్వాత ఆ ఖాకీ చొక్కావాడు ఎవరి కాళ్లో పట్టుకుని ఏడుస్తూ చచ్చిపోయాడు. ఆ చావును నెమ్మదిగా, మూడుసార్లు చూపించారు.

లీదియా వెనక్కి తిరిగి తల్లిని చూసింది.

"అమ్మా, నాయన సైగ చేసినాడా?"

ఆ పిల్లకు తెలిసినదల్లా తండ్రి బస్సు ప్రమాదంలో పోయాడనే. ఎనిమిదేళ్లుగా ఇంట్లో అదే మాట. టీవీ కట్టేసి రత్నమణి పెరట్లోకి వెళ్లి కక్కుకుంది.

జరిగింది ఇది. నతానియేలు పులివెందుల డిపోలో కండక్టరు. ఎనిమిదేళ్ల కిందట ఒక ఉదయం జమ్మలమడుగుకు వస్తున్న అతని బస్సులో ఒక ఊరి నాయకుడు ఎక్కాడు, కోర్టులో సాక్ష్యం చెప్పడానికి. ఎదుటి వర్గంవాళ్లు కల్వర్టు దగ్గర బస్సు ఆపి బాంబులేశారు. ఆ నాయకుడూ పోయాడు, నతానియేలూ పోయాడు. నాయకుడి శవానికి పార్టీ జెండా కప్పి ఊరేగించారు, ఏటేటా వర్ధంతి చేస్తున్నారు. కండక్టరు సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇప్పుడు మాత్రం అందరికీ కావలసొచ్చాడు.

కార్యక్రమం ఒక్కసారితో ఆగలేదు. వీధులన్నిటికీ తీగ లాగిన కేబుల్ ఓబులేసు దాన్ని రికార్డు చేసి, తన లోకల్ ఛానల్లో రోజుకు మూడుసార్లు వేయడం మొదలుపెట్టాడు. అందులో బాంబులేసిన ఎదుటి పార్టీవాళ్ల పేర్లు వస్తాయి. ఓబులేసు చనిపోయిన నాయకుడి పార్టీ మనిషి. అంతకు మించి కారణం లేదు.

సోమవారం ఆమె అతని ఆఫీసుకు వెళ్లింది. గోడనిండా పార్టీ నాయకుడి ఫ్లెక్సీలు, మూలలో వక్కాకు ఊసిన మరక, బల్ల మీద నాలుగు టీవీలు. ఓబులేసు బొరుగులు తింటూ కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, దయచేసి దాన్ని ఆపమని అడిగింది. అతను బొరుగుల చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"జనం అడుగుతాండారు సిస్టరమ్మా, నేనేం చేసేది? అయినా మీ ఆయన పేరు రాష్ట్రమంతా తెలిసింది గదా. అదీ ఒక పేరే."

అంతటితో ఊరుకోలేదు. ఈ నెల కేబుల్ దుడ్లు కట్టొద్దులే అన్నాడు. కావాలంటే సీడీ కూడా ఇస్తానన్నాడు. మాట్లాడుతుంటే అతని పెదవి మీద బొరుగు ఒకటి అంటుకుని కదులుతోంది. ఇక ఒక్క మాట వినకుండా రత్నమణి మెట్లు దిగింది. ఈ మనిషి తీగ ఇక ఇంట్లో ఉండకూడదని ఆ మెట్ల మీదే తీర్మానించుకుంది.

టీవీనే అమ్మేద్దామా అనుకుంది గానీ, పగలంతా ఒంటరిగా ఉండే అత్తకు అదే తోడు. అందుకని కేబుల్ బదులు డిష్ కొనడానికి సెలవు పెట్టి, రెండు వేలు పర్సులో పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది. రెండు వేలు దాటితే ఆ నెల గడవదు.

మెయిన్ రోడ్డులో అద్దాల షాపువాడు ఆమెను ఏసీలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ ఇచ్చి, ఫ్యామిలీ ప్యాక్ తీసుకోమన్నాడు. ఇంటిల్లిపాదీ చూసే ఛానళ్లు, మూడు నెలలు ఉచితం. ఏమొస్తాయో చూపించమంది. మొదటి ఛానల్లో నడుములు ఊపే డాన్సు పోటీ, చేసేవాళ్లు లీదియా ఈడు పిల్లలు. పెద్దవాళ్లు కూర్చుని చప్పట్లు కొట్టి మార్కులేస్తున్నారు. రెండోదాంట్లో నిన్నటి హత్య తాలూకు చొక్కా, రక్తంతో సహా. మూడోది ఏదో బాబా తాయెత్తుల అమ్మకం. ఆమె మొహం చూసి షాపువాడు లాక్ ఉందన్నాడు. నంబరు కొడితే ఛానల్ మూసుకుపోతుంది. మరి ఈ హత్యల కార్యక్రమం వచ్చే ఛానల్లోనే మా అత్త సీరియల్ కూడా వస్తుంది కదా, ఛానల్ మూస్తే రెండూ పోతాయి, ఒక్కటే మూసే దారి లేదా అని అడిగింది. అలాంటిది లేదన్నాడు. మూడు నెలల తర్వాత నెలనెలా ఎంతని అడిగితే చెప్పిన అంకె కేబుల్‌కు రెండింతలుంది. డబ్బిచ్చి ఈ రోతను తలకెత్తుకోవాలా అనుకుంటూ ఆమె లేచింది.

మటన్ మార్కెట్టు వెనక సందులో జిలానీ కొట్టుంది. కువైట్‌లో తొమ్మిదేళ్లు డిష్‌లు బిగించి వచ్చి, ఇక్కడ సొంతంగా పెట్టుకున్నాడు. ఏసీ లేదు, స్టూలే. ఇంట్లో ఎవరెవరు చూస్తారు, ఏం చూడకూడదనుకుంటున్నారు అని ముందు అడిగినవాడు అతనొక్కడే. రత్నమణి చెప్పింది. అతను ఆ కార్యక్రమం చూసినట్టున్నాడు, తల దించుకున్నాడు.

"సర్కారు ఫ్రీ డిష్ పెట్టుకో అక్కా. ఒకసారి కొంటే సరి, నెలనెలా ఎవనికీ కట్టే పని ల్యా. ఛానళ్లు తక్కువ. సీరియళ్లు పోతాయి, అది ముందే చెప్తాండా. హత్యలు గూడా పోతాయి."

అతను రెండు బాక్సులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి శానా చౌక, కానీ దాంట్లో ఛానల్ తీసేసే వీలు లేదు, రిమోట్ పోతే వేరేది దొరకదు. రెండోది మూడొందలు ఎక్కువ. ఇష్టం లేని ఛానళ్లను పూర్తిగా చెరిపేయొచ్చు, తాళం నంబరు పెట్టొచ్చు, పాతకాలం టీవీకి కూడా తగులుకుంటుంది. రత్నమణి రిమోట్ తన చేతిలోకి తీసుకుని, ఒక ఛానల్ తానే చెరిపి, మళ్లీ తెచ్చుకుని, తాళం వేసి, జిలానీని తీయమని చూసింది. తెరుచుకోలేదు. డిష్, తీగ, బిగింపు కూలి అన్నీ కలిపి పంతొమ్మిది వందలకు ఒప్పుకున్నాడు. అడ్వాన్సు ఇచ్చి, వచ్చే బుధవారం రమ్మని చెప్పింది.

తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చి అత్తతో ఈ మాట చెబితే, కరుణమ్మ ససేమిరా అంది. కేబుల్ తీయడానికి వీల్లేదంది. సీరియళ్ల కోసమేనని రత్నమణి అనుకుంది. కానీ ఆ సాయంత్రం పక్కింటి గుల్జార్‌బీ దాచలేక చెప్పేసింది. పిల్ల బడికి, కోడలు డ్యూటీకి పోయాక ముసలామె తలుపేసుకుని ఆ కార్యక్రమమే చూస్తోంది. రోజూ. పదకొండుకొకసారి, రెండుకొకసారి.

రత్నమణికి అత్త మీద పుట్టిన ఏవగింపు అంతా ఇంతా కాదు. కన్నకొడుకును చంపడాన్ని పూటపూటా చూసే తల్లి ఉంటుందా? లోపలికెళ్లి నిలదీసింది. కరుణమ్మ కొంగు నలుపుతూ గోడమీది ఫోటోకేసి చూసింది.

"మొదట్లో వాని ఫోటో ఏస్తారు మే. సంచి తగిలించుకొని నగుతాంటాడు. అట్లాంటిది మనింట్లో యాడుంది? అది పోయినాక కండ్లు మూసుకుంటా."

ఆ మాట నిజం. గోడకున్నది పెళ్లినాటి ఫోటో, బిగుసుకుపోయిన మొహం. నవ్వే నతానియేలు ఇంట్లో లేడు. మూడు లిప్తల నవ్వు చూడటానికి ఆ తల్లి అంత అశుద్ధంలోకీ దిగుతోంది. ఆ నవ్వును ఎరగా పెట్టినవాళ్ల మీద రత్నమణికి ఒళ్లంతా మండింది.

ఆ ఫోటో ఎవరిచ్చి ఉంటారో ఊహించడం కష్టం కాలేదు. ఆ రోజు బస్సు నడిపింది వలి బాషా. బతికి బయటపడ్డాడు, ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఇప్పుడు రిటైరై పులివెందులలో ఉంటున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక లీదియాను వెంటబెట్టుకుని ఆమె బయలుదేరింది. పిల్లను తీసుకెళ్లాలా వద్దా అని బస్టాండు దాకా తర్జనభర్జన పడింది. బయట అందరూ చూసేసినదాన్ని ఈ పిల్ల ఒక్కదానికి దాచి లాభమేమిటి అనుకుని బస్సెక్కింది.

తలుపు తీసిన వలి బాషా వాళ్లను చూసి నిలువునా కుంగిపోయాడు. భార్య ఖమర్‌బీ మంచినీళ్లు తెచ్చింది. రత్నమణి గ్లాసు ముట్టుకోలేదు. ఫోటో నువ్వే ఇచ్చావా అని అడిగింది. ఇచ్చానన్నాడు. టీవీవాళ్లు హైదరాబాదు నుంచి వచ్చి కాళ్లావేళ్లా పడితే, నతానియేలు గురించి నలుగురికీ తెలుస్తుందని రెండు గంటలు కూర్చుని చెప్పానన్నాడు. వాళ్లు తన మాటల్లో ఒక్క ముక్క ఉంచుకున్నారు, 'కండక్టరు చెయ్యెత్తినాడు' అనేది. మిగతాదంతా కోసేశారు. ఎవరు కోయించారో కూడా తనకు అర్థమైందని, పేరు మాత్రం ఎత్తలేనని అన్నాడు. ఆ భయం చూసినా రత్నమణికి అసహ్యమే వేసింది. అంతలో అతను కుర్చీ లీదియా దగ్గరకు జరుపుకున్నాడు.

"మీ నాయన సైగ చేయలే బిడ్డా. బస్సులో ఆడోళ్లు, పసిపిల్లోళ్లు ఉండారు, వాళ్లు దిగేంత వరకన్నా ఆగండప్పా అని మెట్ల మీద అడ్డంగా నిలబడినాడు. ఆపేదానికి ఎత్తిన చెయ్యి అది. ఇరవైమూడు మంది దిగినారు. నేను లెక్కబెట్టినా."

లీదియా ఏడవలేదు. తలుపు ఎటువైపు ఉంది, నాయన ఏ మెట్టు మీద ఉన్నాడు, ఎవరి కాళ్లైనా పట్టుకున్నాడా అని ఒక్కొక్కటే అడిగింది. ఎవరి కాళ్లూ పట్టుకోలేదని వలి బాషా ఖురాను మీద ఒట్టేశాడు. రత్నమణికి ఆ నిలబడటం గురించి కొంత తెలుసు, ఇరవైమూడు మంది సంగతి తెలియదు. ఇంత కాలం ఎందుకు చెప్పలేదని అడగబోయి మానుకుంది. తాను మాత్రం ఎప్పుడు వచ్చి అడిగింది కనుక?

టీవీవాళ్లు పట్టుకెళ్లిన ఫోటో తిరిగి రాలేదు. కానీ డిపోలో ఏదో బహుమతి ఇచ్చినప్పుడు తీసిన గ్రూపు ఫోటో ఒకటి ఖమర్‌బీ ట్రంకుపెట్టెలో ఉంది. అందులోనూ నతానియేలు నవ్వుతున్నాడు, పక్కన వలి బాషా, పది వేళ్లతో. అక్కడి స్టూడియోలో కాపీ తీయించి, నతానియేలును ఒక్కణ్నే పెద్దది చేయించి తెచ్చుకున్నారు. కరుణమ్మ దాన్ని చూసి, టీవీ వెనక్కి వెళ్లి, కేబుల్ తీగ తన చేత్తోనే ఊడదీసింది.

బుధవారం జిలానీ వచ్చి మిద్దె మీద డిష్ బిగించాడు. అతను దిగేలోపే ఓబులేసు మోటారుసైకిలు వచ్చి ఆగింది. ఈ వీధిలో ఎవరూ తీగ తెంచలేదు, నువ్వు తెంచితే ఎవరి వైపు పోయావని జనం అనుకుంటారు, ఆలోచించుకో సిస్టరమ్మా అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అదే మరీ జుగుప్సగా ఉంది. మరుసటిరోజు ఎదుటి పార్టీవాళ్లు తెల్లచొక్కాలతో వచ్చారు. ఓబులేసు పార్టీ తప్పుడు ప్రచారాన్ని తిప్పికొట్టిన కండక్టరు భార్య అని కరపత్రం వేస్తారట, డిష్ కింద నిలబడితే ఫోటో తీసుకుంటారట. డిష్ మీద అంటించడానికి తమ నాయకుడి స్టిక్కరు కూడా తెచ్చారు. బాంబులేసిన చేతులు ఆ చొక్కాల వెనకాలే ఎక్కడో ఉన్నాయని ఆమెకు తెలుసు. వాళ్లకూ తెలుసు.

"ఆయప్ప చచ్చిన రోజు మీరూ రాలే, వాళ్లూ రాలే," అంది రత్నమణి. "ఇప్పుడు గూడా రావాకండి."

తలుపేసింది. స్టిక్కరు ఆ రాత్రికి రాత్రే ఎవరో అంటించి పోయారు. పొద్దున నిచ్చెనేసుకుని ఎక్కి గోళ్లతో గీకేసింది. వారం తర్వాత డిష్ తీగ ఎవరో కోశారు. ఏ వైపువాళ్లో కనుక్కునే ప్రయత్నం చేయలేదు. జిలానీ కూలి తీసుకోకుండా కొత్త తీగ వేసి, ఈసారి పెరటి గోడ లోపలివైపు నుంచి తెచ్చాడు.

ఎన్నికలయ్యాయి. ఓబులేసు ఆ కార్యక్రమం ఆపేశాడు, ఇక దాంతో అవసరం తీరింది కాబట్టి. అది తెచ్చిన చెడ్డపేరు మాత్రం ఊళ్లో అలాగే ఉంది. మార్కెట్లో ఎవరైనా గుసగుసలాడితే లీదియా ఆగి, బస్సులోంచి ఇరవైమూడు మంది దిగారని పెద్దవాళ్ల మొహం మీదే చెబుతుంది. రత్నమణి ఆపదు. కరుణమ్మ మధ్యాహ్నాలు రైతుల కార్యక్రమం చూస్తుంది. పులివెందుల దగ్గర పుట్టింటివాళ్లకు చీనీ, అంటే బత్తాయి తోటలున్నాయి, ఆమెకు చెట్ల సంగతి తెలుసు. చీనీ చెట్టుకు నీళ్లెట్లా పెట్టాలో టీవీలో వ్యవసాయాధికారి పాఠం చెబుతుంటే, ఈయప్ప జన్మలో చీనీతోట చూసినట్టు లేదని విసుక్కుంటూ, కార్యక్రమం అయ్యేదాకా కదలదు.