జర అన్న ఒక్క మాట

మొన్న బుధవారం పొద్దున పాత సామాన్లు కొనే ఆటో మా వీధిలోకి వచ్చింది. మైకులో రికార్డు చేసిన గొంతు పాత ఇనుము, పాత ఫ్రిజ్‌లు, పాత టీవీలు అంటూ నా విష్ణు సహస్రనామానికి పోటీగా సాగుతుంటే, ఈసారి వదలకూడదనుకుని అటక మీద ఉన్న సీడీ ప్లేయర్‌ని దింపించాను. ఆటో ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "లోపల ఏదో గలగలమంటుందమ్మా. గిది ఎవ్వలు కొంటరు ఇప్పుడు? ఊకె ఇస్తె తీస్కపోత" అన్నాడు. ఊరికే ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ లోపల గలగలమంటున్నది ఏమిటో నాకు తెలుసు. మూత విప్పించి సీడీ తీసుకుని, డబ్బా ఆయనకిచ్చి పంపేశాను. సీడీ మీద అంటించిన కాగితం అంచున పసుపు వేలిముద్ర ఒకటి ఇంకా ఉంది. ఆ వేలు నాదే. దాన్ని చూడగానే నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు.

మా అమ్మ సినిమాల్లో గొంతు ఇచ్చేది. తెర మీద హీరోయిన్ పెదాలు కదిలిస్తే వినిపించే మాట అమ్మది. ఒకటే ముక్క తెర మీద తిరిగి తిరిగి వస్తుంటే, చీకటి గదిలో నిలబడి ఆ పెదాలకి సరిపోయేలా నవ్వడం, ఏడవడం, అలగడం ఆవిడ పని. యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగిన మనిషి. డబ్బింగు థియేటర్ గుమ్మం దగ్గర చెప్పులతో పాటు మా ఇంటి భాషని కూడా విడిచి లోపలికి వెళ్ళేది. బయటికొచ్చాక రెండూ మళ్ళీ తొడుక్కునేది. నాకు చిన్నప్పుడు ఉబ్బసం. బడి దుమ్ము పడదని ఇంట్లోనే ఉంచి, అమ్మే చదువు చెప్పింది, తను తెచ్చుకున్న డైలాగు కాగితాలతోనే. అందరు పిల్లలూ అమ్మ, ఆవు అని మొదలుపెడితే, నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం "నన్నింత మోసం చేసి ఎక్కడికి పోతావు?" అన్నది. చదువు పునాది గట్టిగానే పడిందని తర్వాత తెలిసింది.

అమ్మ ఎక్కువగా ఒక్క హీరోయిన్‌కే మాట్లాడింది, పదకొండు సినిమాలు. పేర్లు వేసే చోట అమ్మ పేరు ఎక్కడా ఉండదు. అలా ఉండకపోవడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి దాని మీద నాకు పెద్ద కోపం లేదు. కోపమంతా ఒక సినిమా వంద రోజుల పండుగ మీదే. అమ్మని కూడా పిలిచారు. పిలవడానికి వచ్చిన కంపెనీ మనిషే గుమ్మంలో నిలబడి, "అక్కడెవరితోనూ మాట్లాడకమ్మా, గొంతు గుర్తుపడతారు" అని చెప్పి వెళ్ళాడు. అమ్మ ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మూడు గంటల సేపు నోరు విప్పలేదు. దాహమేస్తే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించింది. నీళ్ళు తెచ్చినామె "అయ్యో, మూగదా పాపం" అని నావైపు చూసింది. నాకప్పుడు ఏడేళ్ళు. నేను కూడా మాట్లాడలేదు. వేదిక మీద హీరోయినమ్మ మైకు పుచ్చుకుని, సన్నటి, గీసుకుపోయినట్టున్న గొంతుతో, "జలుబు చేసిందండీ, క్షమించాలి" అంది. ఆ జలుబు తర్వాత ముప్ఫై ఏళ్ళయినా తగ్గలేదు. ఎక్కడ మాట్లాడినా ముందు జలుబు, తర్వాతే నమస్కారం.

నేను పెళ్ళయి ఫిల్మ్ నగర్ వచ్చాను. మా ఆయన స్టూడియో వ్యాను నడిపేవారు. తర్వాత ఊరంతా సాఫ్ట్‌వేర్ గాలి తిరిగింది. కొండరాళ్ళు పగలగొట్టి అద్దాల మేడలు లేపారు, మా పై గదిలోకి కూడా కాకినాడ నుంచి ఒక అమ్మాయి కిరాయికి దిగింది. అదే రోజుల్లో తెలిసింది, జూబ్లీ హిల్స్‌లో హీరోయినమ్మ ఇంట్లో శనివారం శనివారం ఆడవాళ్ళు సహస్రనామ పారాయణం చేస్తారని, అది అయ్యాక ఆవిడ పాత సినిమా ఒకటి వేసి, దాని గురించి అందరితో మాట్లాడిస్తారని. శనివారం నాకు ఒంటిపూట భోజనం. ఉపవాసంతోనే వెళ్ళి చేరాను. నేనెవరి కూతుర్నో ఆవిడకి తెలియదు. వెళ్ళింది పారాయణానికి కాదని స్వామికొక్కడికే తెలుసు. ఆయన అడ్డు చెప్పలేదు.

నేను వెళ్ళింది అమ్మ గొంతు వినడానికి. అప్పటికి అమ్మ పోయి ఆరేళ్ళు. మంచి తెరలు, పెద్ద టీవీ, పళ్ళెం నిండా జంతికలు, వాళ్ళందరికీ కాఫీ, నాకు గ్లాసెడు పాలు. సినిమా అయ్యాక హీరోయినమ్మ సోఫాలో ముందుకి జరిగి, "ఉచ్చారణ గమనించారా? అప్పట్లో మేం ఒక్కో మాటకి ప్రాణం పెట్టేవాళ్ళం" అనేవారు. అందరూ తలలూపేవారు. నేనూ ఊపేదాన్ని, ప్రాణం పెట్టిన మాట నిజమే కదా, పెట్టిందెవరన్నదే తేడా. ఇంటికొచ్చి ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని, ఏ సినిమా, ఏ సీను, అమ్మ ఎక్కడ ఊపిరి పీల్చింది, ఎక్కడ నవ్వింది.

ఒక శనివారం టీవీ సరిగ్గా వినబడక, "అమ్మా, జర సౌండు పెంచుతరా" అన్నాను. హీరోయినమ్మ అందరి వైపూ తిరిగి, "తెలుగులో జర అంటే ముసలితనం అండీ. ఇంతకీ ఎవరికొచ్చింది?" అన్నారు. గది గదంతా నవ్వింది. ఒకావిడ జంతిక పొలమారి దగ్గింది కూడా. మా ఇంట్లో జర అంటే కాస్త. నేను పాలు తాగుతూ కూర్చున్నాను. కానీ ఆ మాట నాకు సూదిలా దిగింది, ఎందుకంటే అది అమ్మ చివరి రోజుల్లో చెప్పిన మాట. నాన్న పోయి నెల తిరక్కుండానే అమ్మ ఒక చావు సీనుకి గొంతు ఇవ్వాల్సి వచ్చిందట. "గప్పుడు నేను డైలాగు చెప్తలేను బిడ్డా, మీ నాయినను పిలుస్తున్న. కాగితంల లేని ముక్క నోట్ల నుంచి వచ్చింది. జర అన్న. డైరెక్టరు ఏడ్చుకుంట ఓకే అన్నడు, ఎవ్వలికి తెల్వలె. అన్ని సినిమాలల్ల గా ఒక్క మాటనే నాది." ఏ సినిమా అని నేను అడగలేదు. కళ్ళు తుడుచుకుంటున్న మనిషిని అడిగే ప్రశ్న కాదది.

ఆ రోజు నుంచి నా దీపం ముందు కొత్త ప్రార్థన ఒకటి చేరింది. స్వామీ, హీరోయినమ్మకి నిండు ఆయుష్షివ్వు. కళ్ళు బాగుండనీ, చెవులు మరీ బాగుండనీ. నేను ఇంకొకరి కోసం అంత నిష్ఠగా ఏ రోజూ మొక్కలేదు.

రెండేళ్ళలో అమ్మ గొంతున్న పది సినిమాలు చూశాం. జర ఎక్కడా లేదు. పదకొండోది వెయ్యమంటే మాత్రం హీరోయినమ్మ, "ఆ ఒక్కటి దొరకదండీ, ప్రింటు పాడైపోయింది" అనేవారు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అడగ్గానే కాఫీలు తెప్పించారు. అప్పుడర్థమైంది. ఆ జర అందులోనే ఉందని ఆవిడకి తెలుసు. మా పైగది అమ్మాయి సెలవుల్లో సీడీ షాపులన్నీ వెతికి, చివరికి టోలిచౌకిలో ఒక మూల దుకాణంలో దాన్ని పట్టుకొచ్చింది. ఇద్దరం మా ఇంట్లోనే ముందు వేసుకుని చూశాం. మంచం మీద భర్త, పక్కన హీరోయిన్. "కళ్ళు తెరవండి. ఒక్కసారి నా వంక జర చూడండి." నేను లేచి దేవుడి గదిలోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి అమ్మాయి రిమోటు పట్టుకుని, "ఆంటీ, మళ్ళీ వెయ్యనా? ఇంతకీ ఇది రివెంజా?" అంది. "కాదమ్మా, పారాయణం" అన్నాను.

ఆ తర్వాతి శనివారం పళ్ళెంలో తమలపాకులు, పూలు, అరటిపళ్ళు, వాటి మధ్య సీడీ పెట్టి, పసుపు చేత్తోనే హీరోయినమ్మకి అందించాను. "మీకు దొరకదన్న సినిమా అమ్మా. దేవుని దయతోని దొరికింది." అంతమంది ముందు తాంబూలం కాదనే వీలుందా? తీసుకున్నారు. నాతో వచ్చిన పైగది అమ్మాయి సీడీ పెట్టింది. చావు సీను రాగానే గదిలో అందరి కొంగులూ కళ్ళ దగ్గరికి వెళ్ళాయి. జర వచ్చింది, పోయింది, అమ్మ చెప్పినట్టే ఎవ్వరికీ తెలియలేదు. నేను, "జర వెనక్కి పెట్టు బిడ్డా" అన్నాను. రెండోసారి ఒకావిడ తలెత్తింది. మూడోసారి అందరూ తలెత్తారు.

"అమ్మా, మీరే చెప్పిన్రు కద, జర అంటె ముసలితనమని," అన్నాను నేను, వీలైనంత మెల్లగా. "గాడ ఎవరికొచ్చిందమ్మా?"

మొదట ఎవరో నవ్వారు. తర్వాత ఆగిపోయారు. హీరోయినమ్మ అప్పట్లో డైలాగు రాసినాయన ఎవరో ఈ వైపు వాడని ఏదో మొదలుపెట్టారు, గొంతు దొరకలేదు. "గా గొంతు మా అమ్మది" అన్నాను. "పదకొండు సినిమాలు. జర అన్నది మాత్రం మీ కోసం కాదు, మా నాయిన కోసం."

 హీరోయినమ్మ బొటనవేలు నోటి దగ్గర పెట్టి, నీళ్ళు కావాలని సైగ చేశారు. ఆ వేలు చూడగానే నాకు ఏడేళ్ళు వచ్చేశాయి. నేనే లేచి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చాను. తెచ్చి ఇవ్వలేదు. చేతిలో పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. పెద్దావిడ, గొంతెండిపోయింది, నా ఉపవాసం రోజు, అంత పాపం కూడదని తెలుసు. అయినా నిలబడ్డాను. "నోటితోని అడుగున్రి అమ్మా" అన్నాను.

ఆవిడ నా ముఖం చూశారు. "మంచినీళ్ళు," అన్నారు.

సన్నగా, గీసుకుపోయినట్టు. జలుబు ప్రస్తావన లేదు. టీవీలో అప్పటికింకా అమ్మ ఏడుస్తూనే ఉంది. రెండు గొంతులూ ఒకే గదిలో పక్కపక్కన వినబడ్డాయి, విన్నవాళ్ళెవరూ ఇంకేమీ అడగనవసరం లేకపోయింది. గ్లాసు ఇచ్చేశాను. ఆవిడ గటగటా తాగారు. సీడీ నేను వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఆ సాయంత్రం దీపం పెట్టి క్షమాపణ అడుగుదామని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. కృతజ్ఞత మాత్రమే వచ్చింది, అదీ ధారాళంగా: అమ్మకి ఆ మాట ఇచ్చినందుకు, నాకు ఓపిక ఇచ్చినందుకు, హీరోయినమ్మకి చెవులు చివరిదాకా బాగుంచినందుకు. శనివారాలు తర్వాత మా ఇంటికి మారాయి. హీరోయినమ్మ రాలేదు, వస్తే పీట వేసేదాన్ని, నీళ్ళు అడక్కముందే ఇచ్చేదాన్ని. ఆవిడ పోయిన రోజు పూలు పట్టుకుని వెళ్ళాను. అమ్మ మాటలకి అన్నేళ్ళు ఒక ముఖం ఉండడం ఆవిడ వల్లే కదా. క్షమించానా అంటే, లేదు. ఆ విషయంలో స్వామి నన్నెప్పుడూ తొందరపెట్టలేదు.

ఇప్పుడు సీడీ దేవుడి గూట్లో, అమ్మ ఫొటో పక్కన ఉంది. వేసి చూపించే డబ్బా ఆటోలో వెళ్ళిపోయింది. నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడిన రోజున హీరోయినమ్మకి ఉన్న వయసు ఈ మధ్యే నేనూ దాటాను. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతుంటే ఆవిడ చెప్పిన అర్థం కూడా తప్పు కాదని తెలుస్తోంది. ఆవిడ జర నాకు వచ్చేసింది. అమ్మ జర ఇంకా నా నోట్లోనే ఉంది, ముందు నడిచిపోతున్న కాలాన్ని వెనక నుంచి పిలిచి, జర ఆగమని అడగడానికి.