ముందే నేర్పించిన పరీక్ష

తొమ్మిదేళ్లుగా ఒక మాట దిగమింగుకుని తిరుగుతున్నాను. ఇంట్లో అందరం నవ్వుకుంటున్నప్పుడే దాని బరువు ఎక్కువగా తెలుస్తుంది. ఎందుకో మరి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నరసరావుపేట. గాజులు, రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ షాపు. మా అమ్మాయిని ఇక్కడ చిన్ని అంటాను. ఆరేళ్లప్పుడు గట్టిగా ఏడిస్తే చాలు, దాని కుడిచెయ్యి కాసేపు పడిపోయేది. గుంటూరు తీసుకెళితే మోయమోయా అన్నారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడిపోయే జబ్బట. ఆపరేషన్‌కు ముందు ఒక డాక్టరమ్మ దాని తెలివిని పరీక్షించింది. ఎర్ర దిమ్మలు, తెల్ల దిమ్మలు బొమ్మలో ఉన్నట్టు పేర్చాలి. అంకెలు వెనక నుంచి చెప్పాలి. గళ్లలో గుర్తులు గబగబా నింపాలి. నేను పక్కనే కూర్చున్నాను. అన్నీ గుర్తుపెట్టుకున్నాను.

తల చర్మం కింది నాళాన్ని మెదడు మీది నాళానికి కలిపి కుట్టారు. ఇంటికొచ్చాక ఒకరోజు చిన్ని బెలూన్ పగిలిందని వెక్కి వెక్కి ఏడ్చింది. చెయ్యి పడిపోలేదు! అది ఏడుస్తుంటే నేనూ మా అత్తయ్యా నవ్వుతూ కూర్చున్నాం.

ఏడాది తర్వాత మళ్లీ ఆ పరీక్ష అన్నారు. నాకు భయం పట్టుకుంది. పిల్ల మందగించిందని రాసేస్తారేమో, ఆ కాగితం బతుకంతా దాని వెంట వస్తుందేమో. గాజుల డబ్బాలకు ఎర్ర కాగితం, తెల్ల కాగితం అంటించి రెండు వారాలు దాని చేత పేర్పించాను, అంకెలూ గుర్తులూ కూడా ఆడించాను. "ఇది మన ఆట. డాక్టరమ్మకి చెప్పమాక" అన్నాను.

చిన్ని అన్నీ చకచకా చేసేసింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. బడిలో ప్రత్యేక సాయమేమీ అక్కర్లేదంది. నేను తయారుచేసిన అబద్ధాన్ని నేనే నమ్మాను.

బడిలో అందరూ బోర్డు మీది పాఠం రాసుకుని పుస్తకం మూసేసినా చిన్ని సగంలోనే ఉండేది. బద్ధకమన్నారు టీచర్లు. నేనూ అన్నాను. ఒక సాయంత్రం కోపం ఆపుకోలేక అరిచాను.

"ఏమే, టెస్టులో అంత స్పీడుగా చేసినదానివి, ఇక్కడేందే ఈ నత్తనడక?"

"ఆ డబ్బాలు మనం ముందే ఆడుకున్నాం గదమ్మా" అంది అమాయకంగా. "బోర్డు మీదది నాకు ముందే ఎవరు చూపిచ్చారు?"

గాజుల డబ్బాల మీది ఎర్ర, తెల్ల కాగితాలు ఆ రాత్రే పీకేశాను.

మరుసటి ఏడు పరీక్షకు ఏమీ నేర్పించలేదు. జ్ఞాపకం బాగుంది, ఆలోచన ఇంకా బాగుంది, వేగం మాత్రం పోయినేటి కంటే బాగా తక్కువ. డాక్టరమ్మ ముఖం మారిపోయింది. కలిపిన నాళం మూసుకుపోతోందేమోనంది. తొడ దగ్గర గుచ్చి, నాళాల్లోకి మందు పంపి ఫోటోలు తీయాలంది. పోయినేడు నేనే నేర్పించానని అప్పుడు ఒక్క మాట అంటే చాలు. నేను అనలేదు. పక్కన మా ఆయన ఉన్నాడని సిగ్గా? ఎందుకైనా మంచిది, చూడనిద్దాం అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజంగా జాగ్రత్తేనా, లేక నా పరువు కోసం పిల్లను బల్ల మీద పడుకోబెట్టడమా? చిన్ని నా వైపు చూసింది. నాకిచ్చిన మాట నిలబెట్టుకుని నోరు విప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్ల.

ఫోటోల్లో కొత్త నాళాలు వేళ్లలా చక్కగా అల్లుకుని కనిపించాయి. అందరికంటే గట్టిగా ఆనందంతో ఏడ్చింది నేనే.

తెలివికి లోటు లేదు, రాయడానికి ఎక్కువ టైము ఇవ్వండి అని డాక్టరమ్మ బడికి ఉత్తరం రాసింది. అంతే, పిల్ల విచ్చుకుంది. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. పరీక్షలో అందరికంటే ఆఖరున లేస్తుంది, పేపరంతా నింపి లేస్తుంది. ఈ క్షణాన బయట అరుగు మీద స్నేహితురాలికి కెమిస్ట్రీ చెబుతోంది. మధ్యమధ్య ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు వింటూనే ఇది రాస్తున్నాను.

చెకప్‌కు వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ పాత ఫైలు తిప్పి, "ఆ ఏడాది వేగం ఎందుకు పడిపోయిందో ఇప్పటికీ అర్థం కాదమ్మా" అంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను.

పడిపోలేదు. ముందు ఏడాది నేను నేర్పించాను. అక్కర్లేని నొప్పి నా బిడ్డకు నా మౌనం వల్లే వచ్చింది.

క్షమించమని అడగడం లేదు. రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. గొంతు వణకలేదు.