నెల్డా క్రేన్ రాసిచ్చిన పేరు

సంతకం అడిగితే కాదనడం నెల్డా క్రేన్‌కి చేతకాదు. హాలీవుడ్‌లో అందరికీ తెలిసిన జబ్బే అది. పందొమ్మిది సినిమాల్లో హీరోయిన్ స్నేహితురాలిగా పకపకా నవ్విన మనిషి. బయట ఎవరు కాగితం చాచినా, అందులో ఏముందో చూడకుండా బరబరా గీకేసేది. చివరికి చాకలి చీటీ మీద కూడా పెట్టిందని స్టూడియోలో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

అలాగే ఒకరోజు మేకప్ గదిలో, ఆమెకి జుట్టు దువ్వే ఓపల్ టిబెట్స్ ఒక కాగితం ముందు పెట్టింది. స్పెయిన్‌లో యుద్ధం, పసిపిల్లలకు పాలు పంపాలి అంది. తలనిండా పిన్నులతోనే సంతకం పెట్టేసింది నెల్డా. పద్నాలుగేళ్ళ తరవాత ఆ కాగితం బయటపడింది. ఆ పాలు కమ్యూనిస్టులు పంపినవట! అమెరికాలో కమ్యూనిస్టన్న అనుమానం ఉంటే చాలు, సినిమావాళ్ళకి పని పోయే రోజులవి. ఆ వారమే నెల్డా ఇంట్లో ఫోను మూగబోయింది.

నిన్ను తీసేశాం అని ఎవరూ అనలేదు. వేషం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. రెండేళ్ళు ఎదురుచూసి, ఒక బట్టల కొట్లో చేతితొడుగులు అమ్మే పనికి కుదిరింది.

"మీరు అచ్చం నెల్డా క్రేన్‌లా ఉన్నారండీ" అనేవాళ్ళు కొనేవాళ్ళు.

"అందరూ అదే అంటారు. ఆవిడకంటే నేనే కాస్త సన్నం" అనేది.

ఒక మధ్యాహ్నం, ఒకప్పుడు ఆమెకి వేషాలు కుదిర్చిపెట్టిన మర్రీ కొట్టుకొచ్చాడు.

"స్టూడియోవాళ్ళకి ఒక్క ఉత్తరం రాసియ్యి తల్లీ. ఫలానావాళ్ళు నన్ను బుట్టలో వేశారు, తప్పయిపోయిందని. సోమవారానికల్లా సెట్లో ఉంటావు."

"నాకు డైలాగులే గుర్తుండవు మర్రీ, పేర్లెక్కడ గుర్తుంటాయి?"

"పేరు లేకపోతే వాళ్ళు చదవను కూడా చదవరు. ఆ నవ్వు మళ్ళీ తెర మీద పడాలా వద్దా?"

పడాలి. అది తప్ప ఆమెకింకేం వచ్చు? మూడు రోజులు కాగితం ముందు కూర్చుంది. బతికున్నవాళ్ళ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఓపల్ పోయి నాలుగేళ్ళయింది. పోయిన మనిషిని ఎవరేం చేస్తారులే అనుకుని, ఓపల్ టిబెట్స్ అని రాసిచ్చింది.

వారానికి మర్రీ ఫోను చేశాడు. "చచ్చినవాళ్ళు చాలరట. బతికున్నవాళ్ళ పేరు ఒకటి కావాలట."

"అది నా వల్ల కాదు."

"అయితే తొడుగులే అమ్ముకో" అని పెట్టేశాడు.

మరో పది రోజులకి ఆమె బల్ల ముందుకి ఓ పిల్ల వచ్చి నిలబడింది. ఓపల్ కూతురు జూన్. అదే స్టూడియోలో విగ్గులు కుట్టేది.

"ఏమ్మా, ఈ వేళప్పుడొచ్చావు? సెలవా?"

"శాశ్వతంగా ఇచ్చేశారండీ. మా అమ్మ పేరు ఎవరో రాసిచ్చారట. ఆ ఇంటిపేరున్నవాళ్ళు గేటు దాటకూడదట. ఎవరో మహానుభావులు, చచ్చినదాన్ని కూడా వదల్లేదు!"

నెల్డా బల్ల మీది తొడుగుల్ని మళ్ళీ జతలుగా సర్దసాగింది.

"ఏ కష్టమొచ్చినా మీ దగ్గరికి వెళ్ళమనేది అమ్మ. వీధి చివర లాండ్రీలో పనుందండీ. నన్నెరిగినవాళ్ళ పేరు ఒకటి రాయించుకు రమ్మన్నారు. మీకు తెలిసిన పెద్దవాళ్ళెవరైనా..."

"ఎవరో ఎందుకే? నేను రాస్తాను" అని కాగితం లాక్కుని కలం తెరిచింది నెల్డా.

జూన్ గబుక్కున కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండీ. ఏమనుకోకండి, మీ పేరుంటే ఈ పని కూడా రాదు."

ఆమె సంతకం వద్దన్న మనిషి అంతవరకూ పుట్టలేదు. వేరే ఎవరి పేరు చెబుదామా అని తెరిచిన కలం పట్టుకుని ఆలోచించింది నెల్డా. ఒక్క పేరూ తట్టలేదు.