రన్నింగ్ బ్యాక్ బాబావలి

ప్రొద్దుటూరు బాబావలి జెద్దాకు వచ్చింది ఫోన్లు బాగుచేయడానికి. అక్కడి షరఫియా పేటలో మేనమామ ఇస్సాక్ పనిచేసే అంగడిలోనే చేరాడు. శుక్రవారాలు మనవాళ్లతో కబడ్డీ ఆడేవాడు. పక్క మైదానంలో, అమెరికాలో చదివొచ్చిన సౌదీ యువకులు కోడిగుడ్డులాంటి బంతితో అక్కడి ఫుట్‌బాల్ ఆడేవారు. ఒకరోజు వాళ్లకు మనిషి తక్కువయ్యాడు. కెప్టెన్ ఫహద్ బాబావలిని పిలిచి, బంతి చేతిలో పెట్టి, దూరంగా ఉన్న గీత చూపించాడు.

"పడకుండా అక్కడిదాకా పరిగెత్తు భాయ్, అంతే" అన్నాడు వచ్చీరాని హిందీలో.

నలుగురు మీదపడ్డారు. బాబావలి నడుము తిప్పి తప్పుకున్నాడు. ఐదోవాడు కాలు పట్టుకుంటే వాణ్ని ఈడ్చుకుంటూనే గీత దాటాడు. ఆనాటినుంచి బంతితో గుంపును చీల్చుకుపోయే ఆ స్థానం, రన్నింగ్ బ్యాక్, అతనిదే.

2016లో ఒక కంపెనీ జట్టును పోషిస్తానంది. ఆటగాళ్లకు జీతాలు. జాబితాలో బాబావలి పేరు రెండోది. సంతకానికి వెళితే గుమాస్తా అతని నివాస కార్డు, ఇఖామా, తిప్పి చూశాడు.

"ఇందులో మెకానిక్ అనుంది. ఆటకు జీతమిస్తే మాకు జరిమానా."

వీసాకు పూచీ ఉన్న యజమాని, కఫీల్, కార్డులో వృత్తి మార్చనన్నాడు. ఇంతలో ఫోన్ల అంగళ్లలో సౌదీలే ఉండాలని హుకుం వచ్చింది. కఫీల్ అతన్ని దేశం తూర్పు కొసనున్న హుఫూఫ్‌లో ఏసీల మరమ్మతు కంపెనీకి బదిలీ చేశాడు.

"ఒక్క నెల ఆగుదాం మామా. ఆట ఉంది గదా."

"అంగడే మూసేస్తాండారు, ఇంగ ఆట యాడిది రా? దొరికిన పనికి పో."

"ఆడలేక పోతాండానా నేను? కాగితంలో ఒక్క మాట కోసరం పోవల్లనా?"

ఇస్సాక్ అల్లుడి సంచి సర్దసాగాడు.

మరుసటేడు చివర్లో ఫహద్ ఫోన్ చేశాడు. ఫైనల్ ఉంది, రమ్మన్నాడు. ఫోర్‌మన్ సెలవివ్వలేదు. బాబావలి చెప్పకుండా బస్సెక్కి దేశం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చాడు. అతని స్థానంలో అప్పటికే వేరే కుర్రాడున్నాడు. చివర్లో పది నిమిషాలు ఆడనిచ్చారు. గెలుపు గీత దాటింది బాబావలే. కప్పుతో ఫొటో తీసేలోపే బస్సుకు పరిగెత్తాల్సొచ్చింది.

జనవరిలో విదేశీ కార్మికుల మీద కంపెనీలు కట్టే పన్ను, లెవీ, పెరిగింది. కంపెనీ మనుషులను తగ్గించింది. చెప్పకుండా పోయినవాడని స్వదేశానికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ జాబితాలో మొదటి పేరు బాబావలిదే.

ప్రొద్దుటూరులో తల్లి మదార్బీ అన్నం పెడుతూ అడిగింది.

"ఆ ఆటలో గెల్చినారా?"

"గెల్చినాం."

"మరి ఎందుకు పంపించినారు నాయనా?"

బాబావలి సగంలోనే చెయ్యి కడుక్కుని, ఫోన్ల మరమ్మతుకు అంగడి బాడుగకు దొరుకుతుందేమో చూడటానికి బజారుకు పోయాడు.